గాలి లేని గృహప్రవేశం

భోజనాల మధ్యలో ఇందుమతి కొత్త ఫ్లాటులోంచి గాలి వెళ్ళిపోతుంది. పదో అంతస్తు కిటికీల అవతల మిట్టమధ్యాహ్నమే నల్లబడి, చుక్కలు కనిపిస్తాయి. చుట్టాలూ ఆఫీసువాళ్ళూ తింటూనే ఉంటారు. మాటలు మాత్రం పెదాల దగ్గరే ఆగిపోతాయి.

అంతకు కాస్త ముందే ఆఫీసరుగారి భార్య గుమ్మం వైపు చూసి, "ఆవిడెవరండీ?" అని అడిగింది.

"గిన్నెలమ్మే ఆవిడ," అంది ఇందుమతి.

వచ్చింది ఆమె సొంత అక్క గురవమ్మ. తోపుడుబండి మీద స్టీలు సామాను అమ్ముతుంది. ఉన్నవాటిలో మంచి బిందె ఏరి, పసుపు రాసి తెచ్చింది. ఆ మాట విన్నది. వినీ, వడ్డించడానికి కొంగు బిగించింది.

ఇప్పుడు విస్తరి అందిస్తుంటే గురవమ్మ వెండి కడియం ఇందుమతి బంగారు గాజుకి గట్టిగా రాసుకుంటుంది. రాసుకున్నచోటే అతుక్కుపోతుంది.

ఇందుమతికి ఆశ్చర్యం లేదు. ఉపగ్రహాల భాగాలను గాలి తీసేసిన గదిలో పెట్టి పరీక్షించడమే ఆమె ఉద్యోగం. లోహం మీద కంటికి కనపడని పొర ఒకటి ఉంటుంది. అది గీసుకుపోతే, మళ్ళీ కట్టడానికి అక్కడ గాలి ఉండదు. ఇక ఇంకో లోహం తగిలితే, తానెక్కడ ఆగిందో, పక్కది ఎక్కడ మొదలైందో లోహానికి తెలియదు.

గురవమ్మ గొంతు గాజులోంచి, మణికట్టు ఎముకలోంచి వినిపిస్తుంది.

"నువ్వేం అబద్ధం చెప్పలేదులే."

ఇందుమతి చెవులు కాలిపోతాయి. "అక్కా, అందరూ చూస్తున్నారు. చెయ్యి తియ్యి."

"ఏది నా చెయ్యో చెప్పు, తీస్తాను."

ఇందుమతి వెతుకుతుంది. అతుకు కనపడదు. ఆఫీసరుగారి భార్య వైపు తిరిగి, "మా అక్కండీ," అంటుంది. ఆ మాటని మోసుకెళ్ళడానికి గాలి లేదు. ఆవిడ, కూర బావుందన్నట్టు తల ఊపుతుంది. ఇందుమతి మళ్ళీ అంటుంది. ఆవిడ మళ్ళీ ఊపుతుంది.

"బండి ఎండలో ఉంది, పోతాను," అని గురవమ్మ మెల్లగా లాగుతుంది. విడిపోతుంది గానీ, విడవాల్సినచోట కాదు. నెత్తురు లేదు, నొప్పి లేదు. గోళ్ళరంగు వేసిన ఇందుమతి కుడిచేత్తో లిఫ్టు మీట నొక్కి గురవమ్మ దిగిపోతుంది.

ఇందుమతి సిగ్గుతో మొహం కప్పుకోబోతుంది. ఎడమచెయ్యి వస్తుంది. కుడిది రాదు. కాయలు కాసిన అక్క చెయ్యి విస్తట్లో పప్పన్నం కలిపి, ముద్ద చేసి, ఎడమచేతిని పక్కకి తోసి, నోరు తెరిచేదాకా ఆమె పెదాల ముందు ఆగి ఉంటుంది.