స్టెల్లా ఆనుకున్న గుర్రాలు

రోజూ పొద్దున ల్యాబ్‌కి రాగానే రుచిత ముందు గాజు పలకల్ని మైక్రోస్కోప్ కింద పెట్టి పురుగుల్ని చూసేది. జోరీగ కుట్టినప్పుడు గుర్రం రక్తంలోకి దిగి, మెల్లగా మెదడుకెక్కే పురుగు అది. ముందు గుర్రం వెనక కాళ్ళు తడబడతాయి. తర్వాత ఒక పక్కకి ఒరుగుతుంది. ఒకసారి పడిందంటే ఇక లేవదు. పాత మందులు మెదడు దాకా చేరేవి కావు. కొత్త మందు గాజు పలక మీద పురుగుల్ని చంపింది. ఒంట్లో కూడా చంపుతుందో లేదో చూడటానికి, కంకిపాడు అవతల పొలాల మధ్య ఉన్న ఆ ల్యాబ్ వెనక షెడ్డులో జబ్బు గుర్రాల్ని కట్టారు.

పలకలు చూశాక రుచిత షెడ్డుకి వెళ్ళేది. అప్పటికి షెడ్డు పనివాడు ఫిన్నీ మేత వేస్తుండేవాడు. బతికున్నవాటికి వేశాక, ఇదివరకటి మందులు పరీక్షిస్తుండగా చచ్చిపోయిన మూడు గుర్రాల తొట్లలో కూడా వేసేవాడు. మేత వేళకి అవీ వచ్చేవి. కంటికి కనపడేవి కావుగానీ గడ్డి తరిగేది, పక్కనుంచి వెళ్తుంటే వెచ్చగా తగిలేది. "జరగవే" అని ఫిన్నీ వాటిని మోచేత్తో తోసి దారి చేసుకునేవాడు.

స్టెల్లా గుణదల అంతోనిది. తెల్ల ఆడగుర్రం. పెళ్ళి ఊరేగింపులకి తిప్పేవాడు. ఒక పెళ్ళిలో పెళ్ళికొడుకుని మోస్తూ బ్యాండువాళ్ళ మీదకి తూలిపోతే, భయపడి వ్యాన్‌లో ఇక్కడికి తెచ్చాడు.

"కొత్త మందే వేస్తున్నారా తల్లీ?" అని చూడటానికొచ్చినప్పుడల్లా అడిగేవాడు.

"వేస్తున్నామండీ" అనేది రుచిత. అంతోని చేతులు జోడించి దణ్ణం పెట్టేవాడు.

స్టెల్లాకి వేస్తున్నది ఉప్పునీళ్ళు. మందు పనిచేసిందని తేలాలంటే మందు పడని గుర్రాలు కూడా కొన్ని ఉండాలి. చెబితే గుర్రాన్ని తీసుకుపోతాడని ఎవరూ అంతోనికి చెప్పలేదు.

మందు పడిన గుర్రాలు తేరుకున్నాయి. ఉప్పునీళ్ళవి ఒక్కొక్కటే పడ్డాయి. పడిన గుర్రం సాయంత్రానికి లేవకపోతే ఆఖరి ఇంజక్షన్ చేసేవాళ్ళు. స్టెల్లా మాత్రం పడలేదు. మరే గుర్రమైనా కూలిపోయేంతగా ఒరిగి, అలాగే గాలికి ఆనుకుని నిలబడేది. చచ్చిపోయిన గుర్రాలు మేత తిన్నాక వెళ్ళిపోకుండా దాని పక్కనే ఉంటున్నాయి.

ల్యాబ్ పెద్ద డాక్టర్ లక్ష్మీకాంత్ తల పట్టుకున్నాడు. "ఉప్పునీళ్ళ గుర్రం కూడా నిలబడితే ఇక మందు గొప్పేముంది? ఫిన్నీ, చచ్చినవాటికి మేత ఆపెయ్."

"ఆకలితో ఉంటాయి సార్."

"ఈ మందు ఆగిపోతే ఎన్ని గుర్రాలు పడతాయో ఆలోచించావా?"

ఆయన అన్నది తప్పని రుచితకి అనిపించలేదు.

మర్నాడు చచ్చిన గుర్రాలు వచ్చి, ఖాళీ తొట్లు వాసన చూసి వెళ్ళిపోయాయి. మధ్యాహ్నానికి స్టెల్లా కూలింది. అంతోని వచ్చేసరికి సిమెంటు నేల మీద కాళ్ళు కొట్టుకుంటోంది. దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చున్నాడు. రుచిత ఇక ఉండబట్టలేకపోయింది.

"అంతోని గారూ, దీనికి మందు వెయ్యలేదండీ. ఇన్నాళ్ళూ ఉప్పునీళ్ళే."

అతను కేకలెయ్యలేదు. "నాచేత దణ్ణాలు పెట్టించుకున్నావు కదమ్మా" అన్నాడు.

లేచి, గడ్డివాము దగ్గరికెళ్ళి చేతులనిండా గడ్డి తెచ్చి మూడు తొట్లూ నింపాడు. కాసేపటికి గడ్డి కదిలింది. తర్వాత ఎవరో కింద నుంచి భుజం పెట్టినట్టు స్టెల్లా వీపు లేచింది, కాళ్ళు నేలకి ఆనాయి. రుచిత వెళ్ళి అసలు మందు తెచ్చి దాని మెడలో ఎక్కించింది.

లక్ష్మీకాంత్ గుమ్మంలో నిలబడి చూశాడు. "మిగతా డోసులు తీసుకెళ్ళు. సగంలో ఆపితే దానికే ప్రమాదం. రేపట్నుంచి నువ్వు రావద్దు" అన్నాడు. వెనక్కి తిరుగుతూ, "దీని బదులు ఇంకోటి తేవాలి. నువ్వు దీన్ని లేపలేదు రుచితా, ఇంకోదాన్ని పడేశావు" అన్నాడు.

స్టెల్లాని ఎక్కించుకుని వ్యాన్ బయల్దేరితే వెనక బందరు కాలవ గట్టు పొడుగునా గిట్టల చప్పుడు వినిపించింది. అంతోని డ్రైవర్‌ని మెల్లగా పొమ్మన్నాడు. గుణదలలో అంతోని సందువాళ్ళు బళ్ళు గోడవారకి జరిపి చోటిచ్చారు. ఆ రోజు నుంచి అంతోని నాలుగు గుర్రాలకి గడ్డి కొన్నాడు.

రుచిత రోజూ వెళ్ళి మందు వేస్తోంది. స్టెల్లాకి ఎడమ కన్ను పోయిందిగానీ మేత తింటోంది. అంతోని ఇప్పుడు దణ్ణం పెట్టడు. తలుపు తీసి పక్కకి తప్పుకుంటాడు.

ఒకరోజు సిరంజిలోకి మందు లాగుతుంటే ఫిన్నీ ఫోన్ చేశాడు. "కొత్తగా మైలవరం నుంచి తెచ్చిన గుర్రం పడిపోయింది మేడం. సార్‌కి తెలీకుండా అన్ని తొట్లలోనూ మేత వేశాను. ఒక్కటీ రాలేదు. ఇందాకే ఆఖరి ఇంజక్షన్ అయిపోయింది. మందు పనిచేస్తుందని తేలిపోయిందంట, సార్ ఎవరితోనో ఫోన్‌లో చెప్తూ ఏడుస్తున్నారు."

రుచిత ఫోన్ పెట్టేసింది. స్టెల్లాకి అటూ ఇటూ గడ్డి మెల్లగా తరుగుతోంది.

"ఎవరమ్మా?" అన్నాడు అంతోని.

చెప్పింది. అంతా. అతను మెడలో సిలువని పట్టుకున్నాడు. తర్వాత స్టెల్లా మెడని రెండు చేతులా గట్టిగా పట్టుకుని, "కానివ్వమ్మా" అన్నాడు.

రుచిత సూది గుచ్చింది.