సరంగు కట్టిన ముడి

సరుకుల ఓడలో పొద్దు ఉల్లిపాయలతో మొదలవుతుంది. యుద్ధనౌకలు రేవు ముఖం చూడకుండా నెలల తరబడి నీళ్ళమీదే తిరుగుతాయి. వాటికి కావలసిన పిండీ, బియ్యమూ, మందులూ, ఫిరంగి గుండ్లూ, డీజిలూ అన్నీ ఈ ఓడే వెతుక్కుంటూ వెళ్ళి అందించాలి. తెల్లారగానే వంటవాడు బస్తాలు విప్పి, కుళ్ళిన ఉల్లిపాయలు ఏరి సముద్రంలోకి విసిరేవాడు. "ఇవి పంపితే అవతలి వంటవాడు ఊరుకోడు. వాడి దగ్గర ఫిరంగులున్నాయి" అనేవాడు.

అందించడమంటే ఎక్కడో ఆగి అందించడం కాదు. మధ్యలో ఒక వీధి వెడల్పు నీళ్ళు వదిలి, రెండు ఓడలూ ఒకే వేగంతో పక్కపక్కనే నడుస్తాయి. యుద్ధనౌక నుంచి తాడు వస్తుంది. దాన్ని ఇవతల కొక్కానికి ముడివేసి, దాని మీదుగా బుట్టలు లాగుతారు. పక్కన గొట్టంలో డీజిలు పోతుంది. ముడి వేసేదీ విప్పేదీ సరంగు. డెక్కు మీది కళాసీలందరికీ పెద్ద, మాట పొదుపు మనిషి.

ఆ ముడికి ఒక గుణం ఉంది. ఒక ఓడలో ఎవడైనా చెప్పాల్సిన మాట దాచుకుని, రెండో ఓడలో ఎవడైనా దానికోసం కాచుకుని ఉంటే అది ఊడదు. గునపం పెట్టి పొడిచినా ఊడదు. దీనికి ఎవరూ వింతపడేవారు కాదు. ఇంజను వేడెక్కడం లాగే ఇదీ ఒక తద్దినం అనుకునేవారు. ముడి బిగుసుకోగానే సరంగు కేకేసేవాడు. "ఎవడి కడుపులో ఏముందో కక్కెయ్యండ్రా, టైమవుతోంది!" తాడు కట్టి ఉన్నంతసేపూ ఇక్కడ మామూలుగా మాట్లాడినా అక్కడ వినబడేది, పక్కింటి వంటింట్లోంచి వినబడ్డట్టు. ఎవడో తల గోక్కుంటూ ముందుకొచ్చేవాడు.

"బావా, నీ బూట్లు కొట్టేసింది నేనే."

"తెలుసులేరా దొంగవెధవా, నువ్వే చెబుతావని చూస్తున్నా!"

ముడి ఊడిపోయేది. అందుకే ఆ ఓడలో ఎవరికీ ముందుగా నోరు విప్పే అలవాటు లేదు. ముడి పట్టుకున్నాక చూసుకుందాంలే అనేవారు.

సరంగు తమ్ముడు ఒక యుద్ధనౌకలో ఫిరంగుల పని చేసేవాడు. తల్లి మంచాన పడ్డప్పుడు సెలవు పెట్టి దగ్గరుండి చేసింది సరంగే. అన్నం కలిపి పెట్టాడు, ఒళ్ళు తుడిచాడు, పక్కబట్టలు ఉతికాడు. ఆమె మాత్రం తలుపు చప్పుడైనప్పుడల్లా "చిన్నోడొచ్చాడా?" అనేది. చేసేది నేను, అడిగేది వాణ్ణా అని సరంగుకు కడుపు మండింది. తమ్ముడికి కబురు పెట్టలేదు. అంతా అయిపోయాక పెట్టాడు. "అమ్మ నన్ను అడగలేదా అన్నయ్యా?" అని తమ్ముడు అడిగితే, "ఎవర్నీ గుర్తుపట్టే స్థితిలో లేదు" అన్నాడు.

ఆ తర్వాత తమ్ముడి ఓడ మొదటిసారి పక్కకొచ్చింది. పని అయ్యేసరికి ముడి బిగుసుకుపోయింది. ఒకడు పేకాటలో మోసం చేశానన్నాడు. ఇంకొకడు ఎవరి చెల్లెల్నో పెళ్ళాడాలని ఉందన్నాడు. చివరికి వంటవాడు కూడా, కుళ్ళిన ఉల్లిపాయలు కొన్ని బస్తా అడుగున పెట్టానని ఒప్పేసుకున్నాడు. ముడి కదల్లేదు. ఎదురుగా గాలివాన కమ్ముకొస్తోంది, ఇలా కట్టేసుకుని ఓడలు పక్కకు తిరగలేవు, పైనుంచి కెప్టెన్ అరుస్తున్నాడు. ఒక్కొక్కరే సరంగు వైపు చూడసాగారు. అవతల తమ్ముడు కమ్మీ పట్టుకుని నిలబడి ఉన్నాడు.

"ఏదైనా ఉంటే చెప్పు అన్నయ్యా," అన్నాడు.

మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఇంతమందిలో చెబితే తను ఎలాంటివాడో తేలిపోతుంది. సరంగు గోడకున్న గొడ్డలి అందుకుని ఒక్క వేటుకు తాడు నరికేశాడు. తమ్ముడు తెగిన కొసను పైకి లాక్కుని చేతుల్లో పెట్టుకుని చూశాడు.

భోజనాల దగ్గర వంటవాడు మెల్లగా అన్నాడు. "నరకడం కూడా ఒక జవాబే సరంగూ. వాడు దాన్నే తీసుకుంటాడు."

సరంగు సిగ్గుతో సగమయ్యాడు. అన్నం సయించలేదు. తమ్ముడి ఓడ వేరే సముద్రానికి మారిపోతోందనీ, వెళ్ళేముందు ఆఖరిసారి సరుకులు తీసుకుంటుందనీ తెలిసినప్పుడు, ఏమైనా సరే చెప్పి తీరాలనుకున్నాడు. గొడ్డలిని ముందే ఇంజను గదిలో పెట్టించాడు, తన మీద తనకే నమ్మకం లేక.

తాడు వచ్చింది. సరంగు ముడి వేశాడు. తమ్ముడు అవతల డెక్కు మీదే ఉండి బుట్టలు దించుకుంటున్నాడు. పిండి వెళ్ళింది, బియ్యం వెళ్ళాయి, డీజిలు పోయింది. గంటసేపు సరంగు ఆ మాటను నోట్లో పెట్టుకుని ముడి బిగుసుకోవడం కోసం చూశాడు. ఒక్కసారి బిగుసుకుంటే తను చెప్పక తప్పదు, తమ్ముడు వినక తప్పదు.

పని ముగిశాక ముడి మీద చెయ్యి వేశాడు. లాగకముందే ఊడిపోయింది. పట్టుకోబోతే తాడు వేళ్ళ సందుల్లోంచి జారి నీళ్ళలో పడి అవతలికి వెళ్ళిపోయింది. చెప్పాల్సిన మాట ఇంకా తన దగ్గరే ఉంది. దానికోసం అవతల ఎవడూ ఇక కాచుకుని లేడు.

"భేష్ సరంగూ! ఎప్పుడూ ఇంత త్వరగా కాలేదు," అన్నాడు కెప్టెన్ పైనుంచి.

ఓడలు విడిపోతున్నాయి. సరంగు కమ్మీ మీదికి ఎగబాకాడు. "అమ్మ నిన్నే అడిగిందిరా! రోజూ నిన్నే అడిగింది!" అని గొంతు చించుకున్నాడు. రెండు ఇంజన్ల హోరులో అది తన చెవికే సరిగా వినబడలేదు. తమ్ముడు తలెత్తి, ఇటువైపు అందరికీ కలిపి ఒకసారి చెయ్యి ఊపాడు. బస్తా భుజానికెత్తుకుని, ఏ దిగులూ లేనివాడిలా చకచకా లోపలికి వెళ్ళిపోయాడు.

వంటవాడు వచ్చి సరంగును రెక్క పట్టుకుని కిందికి దించాడు. "గంటసేపు తాడు కట్టే ఉంది కదయ్యా. అప్పుడే చెప్పకపోయావా?"

"ముడి పట్టుకుంటుందనుకున్నాను," అన్నాడు సరంగు.