ఐదు కంప్యూటర్లలో రోజలిన్

మా ల్యాబులో కంప్యూటర్లు ఐదు. సర్వరు వెనక గదిలో, రక్తం శాంపిళ్లు పెట్టే ఫ్రిజ్ పక్కన ఉంటుంది. అన్నిటినీ ఒక్కచోటి నుంచే చూసుకునే సాఫ్ట్‌వేర్ ఒకటి విశాఖపట్నం నుంచి తెప్పించారు ల్యాబు యజమాని దేవీప్రసాద్ గారు. సీడీ నా చేతికిచ్చి, "నోరిప్పవు గానీ బుర్ర పెడతావు హాసినీ. ఎక్కించీ," అన్నారు.

రెండు రోజులు పట్టింది. ఒక్కో కంప్యూటర్ దగ్గరా కూర్చుని దాని నంబరు రాసుకున్నాను, చిన్న ప్రోగ్రాం ఎక్కించాను. శనివారం పొద్దున్న పదింటికి సర్వరు ముందు కూర్చుని బటన్ నొక్కితే జాబితా వచ్చింది. ఐదు పచ్చ చుక్కలు. ప్రతి చుక్క పక్కనా, ఆ కంప్యూటర్ మీద ఆ క్షణంలో పని చేస్తున్న మనిషి పేరు.

రోజలిన్. రోజలిన్. రోజలిన్. రోజలిన్. రోజలిన్.

మా ల్యాబులో రిపోర్టులు కొట్టే రోజలిన్ బస్సు ప్రమాదంలో పోయి ఎనిమిది నెలలైంది.

కారణం నాకు తెలుసు. రిపోర్టు ప్రింటు తీసే అనుమతి మొదట్లో ఆమె ఒక్కదానికే ఇచ్చారు. ఆమె పోయాక కొత్త పేర్లు పెట్టడం మాకెవరికీ చేతకాలేదు. ఆమె పాస్‌వర్డ్ నోటి మాటగా అందరికీ చేరింది. అప్పటి నుంచి ఏ రిపోర్టు చూసినా కింద ఆమె పేరే. ఇదంతా తెలిసినా, ఐదు పేర్లూ ఒక్కసారి చూసేసరికి మౌసు మీంచి చెయ్యి తీసేశాను. ముందు గదిలో కీబోర్డులు టకటకమంటూనే ఉన్నాయి.

దేవీప్రసాద్ గారు వచ్చి తెర చూసి వెనక్కి జరిగారు. "ఓర్నాయనో! ఈ పేరు ముందు తీసెయ్. ఎవుల పేరు వాళ్లకి పెట్టు."

ఆయన భయం వేరే. కిందటి వారం ఒక డాక్టరు గారు ఫోన్ చేశారు. నూట ముప్పై ఉండాల్సిన షుగరు మూడువందల పది అని పడిందట. అనుమానం వచ్చి మళ్లీ పరీక్ష చేయించారు కాబట్టి సరిపోయింది. "రోజలిన్‌ని పిలవండి," అన్నారట. రక్తం తీసే శాంతికుమార్ అన్న "ఆవిడ లేరు సార్," అంటే, "ఎప్పుడొస్తారు?" అని అడిగారట.

ఆ అంకె కొట్టింది నేను. పోయినామె పేరు మీద ఉంది, ఇంక ఎవర్ని అంటాం అని అందరూ వదిలేశారు. నేను నోరు విప్పలేదు.

పేరు తీయబోతుంటే బయట లూర్దు మేరీ పిన్ని గొంతు వినిపించింది. రోజలిన్ తల్లి. తన ఊరికి దగ్గర్లోని నక్కపల్లిలో ల్యాబు ఉన్నా, రాజయ్యపేట నుంచి నెలనెలా ఇక్కడికే వస్తుంది షుగరు పరీక్షకి. పొద్దున్నే రక్తం ఇచ్చి, బల్ల మీద కూర్చుని ఉంది. ముందు గదిలోకి వచ్చి ఆమె రిపోర్టు నేనే కొట్టి ఇచ్చాను. పిన్ని అంకెల వైపు చూడలేదు. చివరి వరస మీద వేలు పెట్టి కూడబలుక్కుంది.

"రో... జ... లి... న్."

"పిన్నీ, ఆ పేరు ఈ రోజు తీసేస్తున్నాం."

"ఎందుకమ్మా?"

"ఆవిడ లేరు కదా పిన్నీ."

"నాకు తెల్దేటి, సచ్చిపోయిందని? మట్టి నానే ఏసేను. కాయితానికి తెల్దు కదమ్మా. దాన్నలాగే ఉండనీ."

తలాడించి ఊరుకుంటే సరిపోయేది. అలా ఊరుకోవడం నాకు బాగా అలవాటు కూడా.

"కిందటి వారం నేనో తప్పు కొట్టాను పిన్నీ," అన్నాను. "పెద్ద తప్పు. అది రోజలిన్ చేసినట్టు పడింది. డాక్టరు గారు ఆవిణ్ణే తిట్టారు. నేను చెప్పలేదు."

శాంతికుమార్ అన్న సూది పక్కన పెట్టి ఇటు తిరిగాడు.

లూర్దు మేరీ పిన్ని రిపోర్టు మీంచి వేలు తీసింది. "నా పిల్ల రెండుమార్లు సూసుకోకుండా ఏదీ రాయదు," అంది.

"తెలుసు పిన్నీ."

"అయితే తీసీ." చేతిలో రిపోర్టు నా ముందు పెట్టింది. "ఇదీ నువ్వే కొట్టేవు కదా. నీ పేరెట్టి మల్లీ ఇయ్యి."

వెనక గదిలోకి వెళ్లి ఆ పేరు తీసేశాను. తెర మీద ఒక్కో వరసా ఖాళీ అయింది. ముందు గదిలో కీబోర్డుల చప్పుడు ఒక్కసారే ఆగింది. "ఏటే హాసినీ, అందర్నీ బయటికి గెంటీసేవు!" అని అరిచాడు శాంతికుమార్ అన్న.

నా పేరు పెట్టుకుని రిపోర్టు మళ్లీ ప్రింటు తీశాను. పిన్ని చివరి వరస చదివింది. ఈసారి పైకి చదవలేదు. మడిచి సంచిలో వేసుకుంది.

"వచ్చే నెల వస్తావు కదా పిన్నీ?"

"నక్కపల్లిలో కూడా రత్తం బాగానే తీత్తారటమ్మా," అని మెట్లు దిగింది.

ఇంకా మిగతా నలుగురి పేర్లు పెట్టాలి. వెనక గదిలోకి వెళ్లి, తలుపు బార్లా తెరిచి ఉంచుకుని కూర్చున్నాను.