ఏటికి ఈవలి ఒడ్డు నుంచి

నాలుగో తుపాకి గొట్టంలోంచి నూనెగుడ్డ బయటికి వచ్చేసరికి వెండెల్ ట్రెక్స్‌లర్‌కి ఆయాసం వచ్చింది. కడ్డీని బల్లకి ఆనించి, గొట్టాన్ని కిటికీ వైపు ఎత్తి, ఒక కన్ను మూసి లోపలికి చూశాడు. అవతలి చివర గుండ్రంగా, తెల్లగా పొగమంచు. గొట్టం శుభ్రంగానే ఉంది. అయినా గుడ్డ మార్చి మరోసారి తోశాడు.

అక్టోబరు చివర్లో డెలావేర్ నది మీద లేచిన మంచు మధ్యాహ్నం దాకా కదలదు. మాజీ సైనికుల హాలు కింద ఉన్న ఈ గదిలో పట్టపగలే దీపం వెలిగించుకోవాలి. వెండెల్‌కి ఆ మసక వెలుతురే ఇష్టం. అందులో పని చేస్తుంటే తను ఎక్కడున్నాడో, ఇది ఏ సంవత్సరమో కాసేపు మరిచిపోతాడు. ఈ రోజు మాత్రం పొద్దుటి నుంచీ ఛాతీ మీద ఎవరో తడిదుప్పటి వేసినట్టుగా ఉంది. అది ఆర్లో పోయిన దిగులేనని అనుకున్నాడు.

పొడుగాటి మనిషి, వంగిన భుజాలు, పెద్ద చెవులు. కాగితం మిల్లులో వేడి రోలర్ల దగ్గర ముప్పై ఏళ్ళు పనిచేయడంతో అరచేతులు కాలి కాలి నున్నబడ్డాయి. పెళ్ళి చేసుకోలేదు. చాకలి దుకాణం పైన అద్దె గదిలో ఉంటాడు. వయసులో ఉన్నప్పుడు సైన్యంలో చేరి జర్మనీ వెళ్ళాడు గానీ, అక్కడ చేసిందల్లా గిడ్డంగిలో దుప్పట్లు మడతపెట్టడం. పక్క షెడ్డులో ఆర్లో రాప్ బంగాళాదుంపలు ఒలిచేవాడు. శత్రువు మొహం ఇద్దరూ చూడలేదు. తిరిగొచ్చాక హాల్లో చేరి, ఊళ్ళో ఏ సైనికుడు పోయినా ఏడుగురి దళంలో నిలబడి సమాధి దగ్గర మూడుసార్లు తుపాకి పేల్చడమే వాళ్ళ వీరత్వం. మనలో ఎవరు ముందు పోతే రెండోవాడు వాడి సమాధి దగ్గర పేల్చాలిరా అని, బీరు గ్లాసులు పట్టుకుని మాట ఇచ్చుకున్నారు.

వెండెల్ గురించి మా ఊళ్ళో చెప్పుకోవడానికి ఇంకేమీ లేదు, ఆ ఒక్క కేసు తప్ప.

కొన్నేళ్ళ కిందట వేట నుంచి బండిలో వస్తూ, ఇలాంటి మంచులోనే దారి తప్పి పెద్ద వంతెన ఎక్కేశాడు. ఎక్కాక మళ్ళడానికి లేదు. ఈవల పెన్సిల్వేనియా, ఆవల న్యూజెర్సీ. ఇక్కడ వేటతుపాకి సీటు వెనక పడేసుకుని తిరిగితే ఎవరూ కన్నెత్తి చూడరు. అక్కడ దానికి సర్కారు ఇచ్చే అనుమతి కార్డు కావాలి, డిక్కీలో తాళం వేసి ఉండాలి, ఇంకా ఏమేమో ఉండాలి. వెనక దీపం వెలగడం లేదని పోలీసు ఆపాడు. ఆయన తుపాకి మాటే ఎత్తలేదు. ఈ అమాయకుడే, "సార్, వెనకాల నా తుపాకి కూడా ఉందండీ, కంగారుపడకండి" అన్నాడు. ఆ రాత్రి లాకప్పులో గడిచింది. ఆ తర్వాత ఏడాదిపాటు కోర్టు మెట్లు. చివరికి జడ్జి దయతలచి, మళ్ళీ ఇలాంటిది జరిగితే జైలేనని చెప్పి వదిలేశాడు. నాన్న ఇచ్చిన తుపాకి తిరిగి రాలేదు.

అప్పటి నుంచి వెండెల్ ఆ ఒడ్డుకి బండి తీసుకెళ్ళడు. ఆర్లో తన భార్య నెటీ చెల్లెలికి దగ్గరగా ఉండాలని అటు మకాం మార్చాక కూడా, కాలినడక వంతెన మీద నడిచే వెళ్ళొచ్చేవాడు. వంతెన మొదట్లో ఆగి, జేబులన్నీ బయటికి తిప్పి, మరిచిపోయిన తూటా ఏదైనా ఉందేమోనని దులిపేవాడు. అవతలి చివర నిలబడి ఆర్లో పగలబడి నవ్వేవాడు.

ఆ ఆర్లోని ఈ మధ్యాహ్నమే అవతలి గుట్ట మీద చర్చి తోటలో పూడుస్తున్నారు.

మెట్ల మీద బూట్ల చప్పుడైంది. దళం నాయకురాలు మావిస్, ఆమె వెనక ఎల్వుడ్ దిగారు. మావిస్ ఒకప్పుడు సైన్యంలో నర్సు. ఆమె గొంతుకి ఇప్పటికీ మంచం మీది మనిషి లేచి కూర్చుంటాడు.

"ఆవలి పోలీసులకి మళ్ళీ ఫోన్ చేశాను" అంది మావిస్. "యూనిఫాంలో ఉంటే ఫరవాలేదంటాడు ఒకడు. మీలో కార్డు ఎవరికుందని అడుగుతాడు ఇంకొకడు. మూడోవాడు సోమవారం చెయ్యమన్నాడు. సోమవారానికి ఆర్లో లేచి కూర్చుంటాడా?"

"ఎవర్నీ అడక్కుండా పోదాం పదండి" అన్నాడు ఎల్వుడ్. "డిక్కీలో తాళం వేసి, పైన దుప్పటి కప్పేద్దాం. ఈ ముసలి మొహాల్ని చూసి ఎవడాపుతాడు?"

"నన్ను ఆపారుగా" అన్నాడు వెండెల్.

"నువ్వు నోరు తెరిచావు కాబట్టి! ఈసారి నీ నోటికి ప్లాస్టరేస్తాం."

వెండెల్ నవ్వలేదు. తుపాకిని ఒళ్ళో పెట్టుకుని దాని చెక్క నిమురుతూ కూర్చున్నాడు. మాట ఇచ్చినవాడు తనే. దాటలేని వాడూ తనే. సిగ్గుతో చెవులు ఎర్రబడ్డాయి. ఆ లాకప్పు గది వాసన ఇంకా ముక్కులోంచి పోలేదు, ఏం చేస్తాడు?

"పోనీ, ఆ ఊరి దళాన్నే పేల్చమందామా?" అని మెల్లగా అడిగింది మావిస్.

"వద్దు." వెండెల్ కిటికీ వైపు తిరిగాడు. "మనం ఎందుకు దాటాలి? ఆ గుట్ట ఏటి ఒడ్డునే ఉంది కదా. పడవలు దింపే చోట నిలబడి పేలిస్తే వినపడదా? చప్పుడుని ఎవరాపుతారు?"

మావిస్ వెండెల్ మొహంలోకి చూసి, "పడవల రేవు వాళ్ళనీ, మన పోలీసాయన్నీ నేను అడుగుతా. నువ్వు తూటాలు సర్దు" అని మెట్లెక్కేసింది.

మధ్యాహ్నానికి ఏడుగురూ రేవులో బారుగా నిలబడ్డారు. నది కనిపించడం లేదు, నీటి గలగల మాత్రం వినిపిస్తోంది. అవతలి గుట్ట లేదు, చర్చి లేదు, తెల్లదనం తప్ప ఏమీ లేదు. పక్కవాడి టోపీ కూడా మంచులో తేలుతున్నట్టుంది. ఈ లోకానికి ఇదే చివరి అంచేమో అనిపించింది వెండెల్‌కి. భయం వేయలేదు. మావిస్ చెవి దగ్గర ఫోన్ పెట్టుకుని, అక్కడ పాస్టర్ గారి ప్రార్థన ముగిసేదాకా ఆగి, చెయ్యెత్తింది.

గుండు లేని తూటాలు, ఉత్త మందే. అయినా ఏడు తుపాకులు ఒక్కసారి పేలేసరికి మంచు అదిరింది. చప్పుడు నీళ్ళ మీదుగా వెళ్ళి, కనిపించని గుట్టని తాకి, మెత్తబడి వెనక్కి వచ్చింది. రెండోసారీ అలాగే. మూడోసారి వెండెల్ వేలు ఎప్పటిలాగే ఒక్క క్షణం ఆలస్యమైంది. అతని తుపాకి ఒంటరిగా, అందరి తర్వాత పలికింది.

ఆ తర్వాత అవతలి నుంచి బాకా వినిపించింది. ఊదేవాడు కనపడడు. స్వరం ఒక్కొక్కటీ నది దాటి వచ్చి వాళ్ళ మధ్య ఆగి, కరిగిపోతోంది. ఎల్వుడ్ ముక్కు చీదుకున్నాడు. వెండెల్ ఏడ్చాడు, దాచుకోలేదు. ఇన్నేళ్ళలో ఒక్క పని అనుకున్నట్టు చేయగలిగాడు.

అందరూ తుపాకులు తెచ్చి వ్యాను దగ్గర పెట్టారు. వెండెల్ ప్రతి గొట్టంలోకీ చూసి, ఖాళీ అని తేల్చుకుని, పెట్టెల్లో పెట్టి తాళాలు వేస్తూండగా కాలినడక వంతెన మీంచి నల్లకోటు వేసుకుని నెటీ నడిచి వచ్చింది. చేతిలో అట్టపెట్టె.

"మీరు రాలేరని భోజనమే తెచ్చా" అంది.

"వినపడిందా నెటీ?" అన్నాడు వెండెల్.

"వినపడిందా అంటాడు! మా చెల్లెలి మనవడు వెళ్ళి శవపేటిక కింద దూరబోయాడు." నవ్వుతూనే ఆమె కళ్ళు తుడుచుకుంది. "చివర్లో ఎవరో ఆలస్యంగా పేల్చారు. అది విన్నాక నాకు నిశ్చింత కలిగింది. 'ఈ వెండెల్‌గాడు నా చావుక్కూడా లేటే' అనేవాడుగా ఆర్లో. నువ్వున్నావని తెలిసింది."

వెండెల్ తల దించుకున్నాడు. మూడుసార్లు పేల్చినందుకు గుర్తుగా చేతిరుమాల్లో మూటగట్టిన మూడు ఖాళీ తూటాలు తీశాడు. ఇవ్వబోయి, ఆగి, "ఉత్త ఇత్తడి తొడుగులే. కానీ ఇవి అటు తీసుకెళ్ళొచ్చో లేదో ఎవర్నైనా..." అన్నాడు.

"నోర్ముయ్" అని లాక్కుని హ్యాండ్‌బ్యాగులో వేసుకుంది నెటీ.

అందరికీ పొట్లాలు పంచింది. వెండెల్ పొట్లం మీద అతని పేరు రాసి ఉంది. తర్వాత అతని భుజం ఒకసారి గట్టిగా పట్టుకుని వదిలి, వచ్చిన దారినే మంచులోకి వెళ్ళిపోయింది.

"ఎక్కరా, హాల్లో కాఫీ తాగుదాం" అన్నాడు ఎల్వుడ్.

"మీరు పదండి. ఇది తిని నెమ్మదిగా నడిచొస్తా. కాళ్ళు కాస్త బరువుగా ఉన్నాయి."

వ్యాను వెళ్ళిపోయింది. వెండెల్ నీటి ఒడ్డున బెంచీ మీద కూర్చుని పొట్లం విప్పాడు. సూర్యుడు ఎక్కడో పైన ఉన్నట్టున్నాడు, మంచు పసుపురంగుకి తిరిగింది. ముందు నీళ్ళు కనిపించాయి, తర్వాత అవతలి ఒడ్డు చెట్లు, వాటిపైన చర్చి, తోటలో కొత్తగా తవ్విన ఎర్రమట్టి. ఇంత దగ్గరా అనుకున్నాడు. చేయి చాస్తే అందేలా ఉంది. ఛాతీ మీది తడిదుప్పటి ఎవరో మెల్లగా తీసేస్తున్నట్టు అనిపించి, వెనక్కి వాలి కళ్ళు మూసుకున్నాడు.

ఎంతసేపటికీ రాలేదని ఎల్వుడ్ వెతుక్కుంటూ వచ్చాడు. దూరం నుంచే, "ఒరేయ్, నిద్రపోతున్నావా?" అని కేకేశాడు. దగ్గరికి వచ్చి అతని చల్లబడ్డ చెయ్యి పట్టుకుని చూశాడు. టోపీ తీసి చేత్తో పట్టుకుని, పక్కన కూర్చున్నాడు.

బెంచీ మీద విప్పిన మైనపు కాగితంలో, వెండెల్‌కి పడవని ఊరబెట్టిన దోసకాయ ముక్కలు వేయకుండా నెటీ చేసిన హామ్ శాండ్‌విచ్, ఒక మూల కొరికి ఉంది.