తూనీగ నింపిన కాగితం

“రేపు ఆ డాక్టరమ్మ నమ్మకపోతే? పిల్లకేం లేదు, మీ పెంపకమే సరిగ్గా లేదు అని పంపేస్తే?” పొద్దున లేస్తూనే అంది తల్లి. కీడెంచి మేలెంచమన్నారు పెద్దలు. ఆమె కీడెంచడం దగ్గరే ఆగిపోయే మనిషి.

ఒకే ప్రశ్నలున్న కాగితాలు రెండిచ్చింది డాక్టరు. ఒకటి తల్లికి, ఒకటి పద్నాలుగేళ్ల కూతురికి. పిల్లకు కుదురు లేకపోవడం జబ్బేనని డాక్టరు రాసిస్తే పరీక్షలో గంట ఎక్కువిస్తామన్నారు బడివాళ్లు. లేదంటే ఈ ఏడూ అదే తరగతి.

ఇంట్లో అందరూ తూనీగ అని పిలిచే ఆ పిల్ల, వంటగట్టు మీదెక్కి కూర్చుని పెన్సిలుతో టకటకా టిక్కులు పెట్టేసింది. మొదలుపెట్టిన పని మధ్యలో వదిలేస్తావా? ‘ఎప్పుడూ లేదు.’ ఆ టిక్కు పెడుతున్నప్పుడే, తను తిప్పి వదిలేసిన కుళాయి నీళ్లు స్నానాలగది గడప దాటుతున్నాయి.

“ఒసేయ్, నీళ్లే!”

“వెళ్తున్నానమ్మా! నువ్వే కదా మాటల్లో పెట్టావు.”

“అన్నిటికీ లేదనే పెట్టావేంటే?”

“లేదు కాబట్టి. నేను అబద్ధమాడనని నీకు తెలుసుగా!”

తెలుసు. అందుకే ఆమెకు భయం: డాక్టరూ ఇదే నమ్మేస్తే?

దుస్తుల కార్ఖానాలో కాజాలు కుడుతుందామె. కుట్టు వంకరపోతే విప్పి మళ్లీ కుట్టడమే ఆమెకు తెలిసిన విద్య. పిల్ల బడికి వెళ్లగానే రబ్బరు తీసి, టిక్కులన్నీ చెరిపి, తన కాగితం చూస్తూ ‘ఎప్పుడూ’ అన్న గడిలోకి మార్చింది.

మర్నాడు ఇద్దరినీ ఎదుట కూర్చోబెట్టుకుని డాక్టరు రెండు కాగితాలూ పక్కపక్కన పెట్టుకుని చాలాసేపు చూసింది.

“ఎవరి వీపు వాళ్లకి కనబడదు కదమ్మా! ఇలాంటి పిల్లలు చాలామంది తమకేమీ లేదనే రాస్తారు. మీకు కనబడేదానికీ తనకు కనబడేదానికీ ఎంత తేడా ఉందో, అదే నేను చూడాలి. ఇందులో ఒక్క తేడా కూడా లేదు. ఎవరు నింపారిది?”

తూనీగ కాగితం లాక్కుని చూసింది. రబ్బరు రుద్దిన చోటల్లా పలచబడి ఉంది. పుట్టినప్పటినుంచీ ఒక్కచోట నిలవని ఆ కాళ్లు ఆడటం మానేశాయి.

“నీ మంచికేనే తల్లీ...”

డాక్టరు కొత్త కాగితం, పెన్సిలు ముందుకు జరిపింది. “నువ్వే చెప్పమ్మా. నీకెలా అనిపిస్తే అలా.”

బయట తర్వాతివాళ్లని పిలిచారు. ఎవరో దగ్గారు. ‘ఏదో ఒకటి పెట్టవే, తప్పయినా సరే’ అని తల్లి లోలోపలే బతిమాలుకుంది.

చివరికి తూనీగ పెన్సిలు వెనక్కి నెట్టేసింది.

“నాకు తెలీదండీ. మా అమ్మనే అడగండి.”