బాగా చూసుకునే ఆట

పక్కింటి సంపూర్ణమ్మగారు మనవడికి కంప్యూటర్ ఆట ఒకటి కొనాలనుకుని, మా ఇంట్లో ఉన్న ఆట బాగుంటుందా అని మొన్న నన్ను అడిగారు. బాగుంటుందండి, కొనండి అన్నాను. అబద్ధమేమీ కాదు. అంత ముద్దొచ్చే ఆట నేను ఇంకోటి చూడలేదు. కుందేలు చెవులూ పిల్లి మొహమూ ఉన్న బుజ్జి జంతువొకటి తెర మీద కూర్చుని మనకేసి కళ్ళు టపటపలాడిస్తుంది. దానికి అన్నం పెట్టాలి, స్నానం చేయించాలి, నిద్ర పుచ్చాలి. మధ్యలో చిన్నచిన్న ఆటలుంటాయి. చెట్టు మీంచి రాలే పళ్ళని బుట్టలో పట్టాలి, సబ్బు బుడగలు పగలగొట్టాలి, దాన్ని రాళ్ళ మీద గెంతిస్తూ కాలవ దాటించాలి. గెలిస్తే దానికి టోపీలూ చొక్కాలూ వస్తాయి. పెద్దవాళ్ళు కూర్చున్నా ఓ పట్టాన లేవరు.

అంతవరకు చెప్పి ఊరుకున్నాను. మిగతాది చెప్పినా ఆవిడ నమ్మరు. ఊళ్ళో అందరికీ తెలిసిన కథ వేరే ఉంది.

మాకు పిల్లల్లేరు. కడియంలో మా నర్సరీ. వేల మొక్కల్ని పెంచి లారీలకెత్తుతారు, ఒక్క పిల్లని పెంచలేకపోయారే అని నవ్వుతూ నా మొహం మీదే అన్నవాళ్ళున్నారు. నేనూ పడి ఊరుకునే రకాన్ని కాదు, నాలుగు అంటించి పంపేదాన్ని. అలా శ్యామలాంబ నోరు మంచిది కాదన్న పేరు స్థిరపడిపోయింది. మా ఆయన గంగరాజుగారు నా వాటా మంచితనం కూడా తనే మోస్తూ ఉంటారు.

ఆయన తమ్ముడు హరిబాబు తణుకు దగ్గర వ్యవసాయం చేస్తాడు. అతనికి ముగ్గురు ఆడపిల్లలు. చిన్నది దుర్గాశ్రీని మాకు దత్తత ఇవ్వాలని అన్నదమ్ములిద్దరూ అనుకున్నారు. ముహూర్తం మాఘమాసంలో. ఈలోగా అలవాటు పడుతుందని బడులు తెరిచే వేళకే పిల్లని మా ఇంటికి తెచ్చేశారు. అప్పటికి దానికి ఏడో ఏడు. ఇక నా సంబరం చూడాలి. కాళ్ళు నేల మీద ఆనలేదు. జడగంటల దగ్గర్నుంచి పలకా బలపాల దాకా ఇంట్లో లేనిది లేదు.

పిల్ల ఏడవలేదు. పెట్టింది తినేది, చెప్పింది చేసేది, చుట్టాలింటికి వచ్చిన పిల్లలా మంచం అంచున కూర్చునేది. నన్ను పెద్దమ్మా అనేది. అమ్మా అని పిలవమని నేను అడగలేదు. అడిగి పిలిపించుకుంటే అది పిలుపెలా అవుతుంది? మాఘమాసం దాకా ఆగుదాంలే అనుకున్నాను.

లారీల బిల్లులు కొట్టడానికి ఆఫీసు గదిలో కంప్యూటర్ పెట్టిన కొత్త అది. పిల్ల దిగులుగా ఉంటోందని మా ఆయన రాజమండ్రి వెళ్ళినప్పుడు ఆ ఆట సీడీ తెచ్చారు. దుర్గాశ్రీ ఆ జంతువుకి చిట్టి అని పేరు పెట్టింది. బడి నుంచి రాగానే చిట్టి దగ్గరికి పరుగు. నేను పక్కన కూర్చుని ముద్దలు కలిపి దాని నోట్లో పెట్టేదాన్ని, అది చిట్టి నోట్లో పెట్టేది. ఒకసారి నన్ను కూడా ఆడమంటే రాళ్ళ మీద గెంతించబోయి చిట్టిని కాలవలో పడేశాను.

"పెద్దమ్మా, నీకు కాలవ దాటించడం రాదు" అని అది పడీపడీ నవ్వింది. మా ఇంట్లో అది గట్టిగా నవ్వడం అదే మొదలు. ఆ నవ్వు కోసం తర్వాత ఎన్నిసార్లు కావాలని పడేశానో.

దసరా సెలవులకి తల్లి దగ్గరికి పంపలేదు. ఇప్పుడు పంపితే మళ్ళీ మొదటికొస్తుందని హరిబాబే వద్దన్నాడు. ఆ తర్వాత పిల్ల తినడం మానేసింది. మొండికేసి కాదు. నాలుగు మెతుకులు కొరికి, "చాలు పెద్దమ్మా" అని కంచం పక్కకి జరిపేది. ఆడుకోవడం మానేసింది. కొత్త గౌను తొడగబోతే వద్దంది. పెసరట్లు వేశాను, గారెలు చేశాను, పూతరేకులు తెప్పించాను. ఎండుమిరపకాయలతో దిష్టి తీశాను. రాజమండ్రిలో డాక్టరుగారు ఏ జబ్బూ లేదని టానిక్కు రాసిచ్చారు. పిల్ల చేతులు పుల్లల్లా అయిపోతుంటే నాకు భయం పట్టుకుంది. ఎవరైనా ఏంటి పిల్ల ఇలా చిక్కిందని అడిగితే వాళ్ళ మీద విరుచుకుపడేదాన్ని.

ఒక మధ్యాహ్నం అది బడికి వెళ్ళినప్పుడు కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పిల్ల పట్టించుకోవడం మానేసింది కదా, కనీసం ఆ చిట్టినైనా నేను బతికించి పెడితే చూసి సంతోషిస్తుందని నా ఆశ. తెరిస్తే తెర మీద దాని ఇల్లు ఖాళీగా ఉంది. చిట్టి లేదు. గోడ మీద ఒక బొమ్మ ఉంటే నొక్కాను. ఏం జరిగిందో అది మళ్ళీ చూపించింది. చిట్టి చిక్కి చెవులు వేలాడేసుకుని కూర్చుంది. తర్వాత చిన్న మూట కట్టుకుని కొండెక్కి అవతలికి దిగింది. అక్కడో గుడిసె. తలుపు తీసుకుని ఇంకా పెద్ద చెవులున్న తల్లి జంతువొకటి బయటికొచ్చి దాన్ని ఎత్తుకుంది. ఇద్దరూ గుండ్రంగా తిరుగుతూ గంతులేశారు. కింద ఇంగ్లీషులో ఏదో రాశారు. ఆ ముక్కలు నాకు చదవడం రాకపోయినా బొమ్మ అర్థమైంది. ఆకలితో చచ్చిపోయినట్టు చూపిస్తే పిల్లలు ఏడుస్తారని ఇలా తీశారు కాబోలు, తెలివైన వాళ్ళే అనుకున్నాను.

సాయంత్రం ముద్దపప్పు అన్నంలో నెయ్యి వేసి కలుపుతూ, "చిట్టి వాళ్ళమ్మ దగ్గరికి వెళ్ళిపోయిందటే" అన్నాను.

"నేనే పంపించాను పెద్దమ్మా. దానికి బెంగొచ్చింది. అన్నం పెట్టకపోతే పంపించేస్తారు. ఆడుకోకపోయినా పంపించేస్తారు."

ముద్ద కలిపి దాని నోటికి అందించాను. అది కాసేపు నన్ను చూసి, పెన్సిల్ కావాలని అడిగినంత మామూలుగా అడిగింది.

"రేపట్నించి నాకు అన్నం పెట్టకు పెద్దమ్మా."

"అదేంటే?"

"నేను తినకపోయినా నువ్వు మళ్ళీమళ్ళీ పెడుతున్నావు కదా. నువ్వు బాగా చూసుకుంటున్నావు. బాగా చూసుకుంటే పంపించరు."

కోపం లేదు, నా మీద కంప్లయింటూ లేదు. నేను బాగా చూసుకుంటున్నానని మా ఇంట్లో ఒప్పుకున్న మొదటి మనిషి అదే. ఆ మాట ఇలా వినాల్సి వచ్చింది. చెయ్యి కడుక్కునే వంకన పెరట్లోకి వెళ్ళి కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. అది నా దగ్గర ఉండాలి, దాని పెళ్ళిలో నేను పీటల మీద కూర్చోవాలి, ఇంకేం అక్కర్లేదు దేవుడా అనుకుంటూ అన్ని నెలలూ గడిపిన దాన్ని. కానీ పిల్ల నా కళ్ళ ముందే ఎండిపోతోంది.

మా ఆయనకి చెప్పాను. "హరి ఒప్పుకోడు శ్యామలా. మాట అనుకున్నాం" అన్నారు.

"నేను తీసుకెళ్తాను. మీరు రాకండి."

ఆయన లేచి వెళ్ళి, వాన పడి తడిసున్న మొక్కలకే మళ్ళీ నీళ్ళు పెడుతూ నిలబడ్డారు.

మర్నాడు రాజమండ్రిలో పాసింజరెక్కాం. కొవ్వూరులో ఇడ్లీ కొనిస్తే తినలేదు. "అమ్మ దగ్గర తింటాను" అంది. తర్వాత నా ఒళ్ళో తలపెట్టుకుని నిద్రపోయింది. అంత నిశ్చింతగా అది నా దగ్గర ఎప్పుడూ పడుకోలేదు. తణుకు రాకుండా ఉంటే బాగుండునని మనసులో అనుకున్నాను.

నా తోటికోడలు వెంకటదుర్గ పిల్లని చూడగానే గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది. "ఏంటక్కా ఇది, పిల్ల ఇలా అయిపోయిందేంటండి" అంది. దుర్గాశ్రీ వెళ్ళి తల్లి చీర కుచ్చిళ్ళలో దూరిపోయింది.

"బెంగ పెట్టుకుందమ్మా. నా దగ్గర ఉండలేదు. ఉంచుకోండి" అన్నాను. ఆట సంగతి కూడా చెప్పాను.

హరిబాబు నవ్వాడు. "కంప్యూటర్ ఆట చూసి పిల్లని వెనక్కి తెచ్చేస్తారా వదినా? పిల్లలన్నాక బెంగ పెట్టుకుంటారు, మానేస్తారు. బంధువులందరికీ చెప్పేసుకున్నాం. అన్నయ్య దగ్గర నా మొహం ఎలా చూపించుకోనండి? ఈ రాత్రికి ఉండి పొద్దున్నే తీసుకెళ్ళిపోండి."

వెంకటదుర్గ కళ్ళు తుడుచుకుంటోంది గానీ మొగుడి మాటకి అడ్డం చెప్పలేదు. అప్పుడు ఆ కుచ్చిళ్ళ వెనక నుంచి సన్నగా వినిపించింది.

"పెద్దమ్మ నాకు అన్నం పెట్టట్లేదు నాన్నా."

అందరూ నా వైపు తిరిగారు. దుర్గాశ్రీ కూడా నన్నే చూస్తోంది. ఆ చూపులో పగ లేదు. కాదనకు పెద్దమ్మా అని బతిమాలుతోంది, అంతే.

"నిజమేనా వదినా?" అన్నాడు హరిబాబు.

కలిపిన ముద్దలు, చేసిన గారెలు, తీసిన దిష్టి, అన్నీ నా నోటి చివరిదాకా వచ్చాయి. ఎవరు ఒక్క మాటన్నా పది అప్పజెప్పే నోరు నాది. కాదు అంటే చాలు, నా పరువు దక్కుతుంది. పొద్దున్నే పిల్ల మళ్ళీ నా వెంట బయల్దేరుతుంది.

"నిజమే" అన్నాను. "నా వల్ల కావట్లేదు. నాకు పిల్లల్ని పెంచడం చేతకాదు."

హరిబాబు మొహం తిప్పేసుకున్నాడు. వెంకటదుర్గ పిల్లని ఎత్తుకుని లేచింది. "కన్నవాళ్ళయితే తెలుస్తుంది" అంది. అక్కా అనలేదు. లోపలికి తీసుకెళ్ళిపోయింది. నన్ను కూర్చోమన్నవాళ్ళు లేరు. వంటింట్లో కంచం పెట్టిన చప్పుడు, గిన్నె మూత తీసిన చప్పుడు అరుగు మీదికి వినిపించాయి. కాసేపటికి, "ఇంకొంచెం పెట్టమ్మా" అన్న మాట వినిపించింది.

మా ఇంట్లో ఎప్పుడూ మారు అడగలేదు అది. కళ్ళ నీళ్ళు కారిపోతుంటే స్తంభం పట్టుకుని వింటూ నిలబడ్డాను. మళ్ళీ వడ్డించిన చప్పుడైంది. కడుపు నిండిందా తల్లీ అని లోపలికి కేకెయ్యబోయి నోరు మూసుకున్నాను. పిల్లకి అన్నం పెట్టని మనిషి అడగాల్సిన మాట కాదది.