రబ్బరు మొక్కకు పట్టిన రోగం

పొద్దున్నే హాల్లోకి వచ్చేసరికి రబ్బరు మొక్క కింద మళ్ళీ రెండాకులు రాలి ఉన్నాయి. సంయుక్తకు ఒళ్ళు మండిపోయింది. అప్పటికే ఆకుల వెనక పట్టిన పిండినల్లిని దూదికి స్పిరిట్ అద్ది తుడిచింది. వేపనూనె, సబ్బునీళ్ళు కలిపి ఆకు ఆకుకీ పట్టించింది. ఏసీ గాలి తగులుతోందేమోనని కుండీని కిటికీ పక్కకి జరిపింది. ఇంకేం చెయ్యాలి, దాని కాళ్ళు పట్టుకోవాలా?

సోఫాలో కాఫీ తాగుతున్న భర్త ప్రద్యుమ్న పేపర్లోంచి తల ఎత్తకుండానే, "బాటనీ లెక్చరర్ గారింట్లో మొక్కకే దిక్కు లేకపోతే ఇక స్టూడెంట్ల గతేంటో!" అన్నాడు.

నవ్వుతూనే అన్నాడు. ఆ నవ్వే ఆమెను తినేస్తోంది. రెండేళ్ళ కిందట మామగారు శేషగిరిరావు గారు పడి తుంటి విరగ్గొట్టుకుంటే, మైలవరం కాలేజీలో ఉద్యోగం మానేసి ఈ గుణదల ఫ్లాట్లో కూర్చుంది. ఇప్పుడాయన చేతికర్రతో తిరుగుతున్నారు. ప్రిన్సిపాల్ మాణిక్యం గారు ఫోన్ చేసి, "మీ సబ్జెక్టు మీకే ఉంచానమ్మా, శుక్రవారంలోగా చెప్పండి" అన్నారు. వెళ్ళొద్దని ప్రద్యుమ్న ఒక్కసారైనా అనలేదు. మహానుభావుడు! "నీ ఇష్టం. కాకపోతే టచ్ పోయిందేమో చూసుకో. కళ్ళెదురుగా ఉన్నదే నీకు అంతుపట్టట్లేదు" అని మాత్రం మొక్కకేసి చూశాడు.

అంతుపట్టని మాట నిజమే. ఆమె నీళ్ళు పోయడం మానేసి వారం దాటినా మట్టి చిత్తడిగానే ఉంది. కుండీ అంచున చీమలు బారులు కట్టాయి. తుడిచిన చోటే పిండినల్లి మళ్ళీ పట్టింది.

"తడి ఎక్కువై వేళ్ళు కుళ్ళుతున్నట్టున్నాయండీ. మీరుగానీ నీళ్ళు పోస్తున్నారా?" అని అడిగింది కూడా.

"నాకెక్కడ తీరిక? అడుగున బెజ్జం పూడుకుపోయిందేమో చూడు."

బెజ్జం శుభ్రంగానే ఉంది. శుక్రవారానికి మొక్కకి చిటారున నాలుగాకులు మిగిలాయి. చదివిందంతా గాలికి పోయిందని, క్లాసులో నిలబడితే నవ్వులపాలవుతానని సంయుక్తకు గట్టి నమ్మకం కుదిరింది. మాణిక్యం గారికి ఫోన్ చేసి, రాలేనండీ అని చెప్పేసి, వంటింట్లోకి వెళ్ళి ఏడ్చింది.

సోమవారం ప్రద్యుమ్న ఆఫీసుకు వెళ్ళాక పాత పేపర్లు పరిచి కుండీని బోర్లించింది. గుప్పున పులిసిన పెరుగు వాసన. వేళ్ళు నల్లబడి, పట్టుకుంటే చేతికి ఊడి వచ్చాయి. మట్టిలో తెల్లగా పాల విరుగుడు, అరటిపండు ముక్కలు, తులసాకులు కనిపించాయి.

"మావయ్యగారూ, ఇందులో పాలుగానీ పోశారా?"

"అభిషేకం చేసిన పంచామృతం అమ్మా" అన్నారాయన అమాయకంగా. "నలుగురూ తొక్కే చోట పొయ్యకూడదు కదా. ఇదివరకు కిందకెళ్ళి వేపచెట్టు మొదట్లో పోసేవాణ్ణి. పడ్డాక ఆగిపోయిన అభిషేకం ఈ మధ్యే మళ్ళీ మొదలెట్టాను గానీ, మెట్లు దిగలేను. ఈ ఫ్లాట్లో మట్టన్నది ఇంకెక్కడుంది? రోజూ అబ్బాయే గిన్నె తీసుకెళ్ళి, కాస్త తవ్వి పోసి మట్టి కప్పేస్తాడు. నువ్వు వంటింట్లో ఉంటావుగా ఆ వేళప్పుడు."

సంయుక్త కుళ్ళిన వేళ్ళు ఎత్తి ఆయనకి చూపించింది. ఆయన కంగారుపడిపోయారు. "మొక్కకి పడదా? అయ్యో, ఒక్క మాట చెబితే వాచ్‌మన్ చేత కింద చెట్టుకి పోయించేవాణ్ణి కదమ్మా!"

మట్టి చేతుల్తోనే కాలేజీకి ఫోన్ చేసి, ఉద్యోగానికి వస్తానంది. అవతల మాణిక్యం గారు నొచ్చుకున్నారు. "ఈ పొద్దున్నే శాలిని గారు జాయినయ్యారమ్మా. నిన్న రాత్రి చెప్పినా సరిపోయేది."

సాయంత్రం ప్రద్యుమ్న బూట్లు విప్పుతుంటే ఎదురుగా నిలబడింది. "రోజూ పోసింది మీరేనట."

అతని చేతులు ఒక్క క్షణం ఆగాయి. "నాన్న పూజ సంగతి. నువ్వు గొడవ చేస్తావని ఊరుకున్నాను."

"ఒక్క మాట చెబితే కింద చెట్టుకే పోయించేవాణ్ణని ఆయనే అన్నారు. మీరు ఊరుకున్నది ఆయన కోసం కాదు."

"అబ్బా, ఓ మొక్క కోసం ఇంత రాద్ధాంతమా? రేపు హనుమాన్ జంక్షన్ వైపు పనుంది, నర్సరీలో ఇంకోటి పట్టుకొస్తాలే. ఉద్యోగం అంటావా, నేనేమన్నా వెళ్ళొద్దన్నానా? ఫోన్ చేసి రానన్నది నువ్వేగా!"

నిజమే. అన్నది తనే, తన నోటితోనే. తనచేత అలా అనిపించడానికే ఇన్నాళ్ళూ అతను అంత ఓపిగ్గా నవ్వాడని అర్థమైంది.

భోజనాల దగ్గర అతను, "కాస్త చారు వెయ్యి" అని కంచం ముందుకు జరిపాడు. ఆమె గరిటె తీసుకుని వేసింది. వేస్తున్న తన చేతిని చూసుకుంటే ఆమెకు అసహ్యం పుట్టింది.